సమార్ కొసన గీవాన్: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

గీవాన్ దారిలో తగిలే ఊరు కాదు. పనిగట్టుకుని వెళ్ళాలి. ఫిలిప్పీన్స్ తూర్పు అంచున సమార్ అనే పెద్ద దీవి ఉంది. దాని ఆగ్నేయ మూల నుంచి సన్నటి నేల సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ కొసన ఉన్న మున్సిపాలిటీయే గీవాన్. పడమటి పక్క లేతే అఖాతం, తూర్పు పక్క పసిఫిక్. ఊరి మధ్య నుంచి ఏ పక్కకి వెళ్ళినా కాసేపట్లో నీళ్ళు తగులుతాయి. కానీ ఆ రెండు నీళ్ళకీ పోలికే లేదు. అఖాతం వైపు పడవలు నిలకడగా నిలబడి ఉంటే, పసిఫిక్ వైపు కెరటం రాతి మీద పగులుతున్న చప్పుడు ఇళ్ళ దాకా వినిపిస్తుంది.

మున్సిపాలిటీ అంటే ఒక్క ఊరే కాదు. కాలికోవాన్, తుబబావ్, మనికానీ, హోమోన్‌హోన్, సులువాన్ దీవులన్నీ దీని కిందికే వస్తాయి. మన గ్రామ పంచాయతీల్లాంటి బరంగాయ్‌లు 60 ఉన్నాయి. జనాభా 50 వేల పైచిలుకు. మాట్లాడేది వరాయ్ భాష. మా అన్నయ్య కూతురు సెబూలో మెడిసిన్ చదువుతోంది. తనకి అక్కడి సెబువానో భాష బాగానే వచ్చు, అయినా గీవాన్ సంతలో సగం మాటలు అర్థం కాలేదంది. ఇంగ్లీషు మాత్రం అందరికీ ఎంతో కొంత వచ్చు కాబట్టి మనలాంటివాళ్ళకి ఇబ్బంది లేదు.

మాది కోనసీమ. కొబ్బరి మీద బతికే ఇల్లు. ఈ ఊరు చూడాలని నాకు ఎప్పటినుంచో ఉన్న కోరికకి కారణం అదే, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ప్రయాణం. 2025 జూన్ నుంచి భారతీయ పర్యాటకులకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఆరు నెలలకి తగ్గకుండా గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చేతిలో ఉంచుకోవాలి. బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వ ఈ-ట్రావెల్ రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోవాలి. హైదరాబాద్ నుంచి అయితే సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ లాంటి చోట్ల విమానం మారడం తప్పదు. మనీలా నుంచి గానీ సెబూ నుంచి గానీ, సమార్ పక్కనున్న లేతే దీవిలోని టక్లోబన్ నగరానికి విమానం ఉంటుంది. సెబూ నుంచి లేతేలోనే ఉన్న ఓర్మోక్‌కి వేగంగా వెళ్ళే ఫెర్రీ ఎక్కి, అక్కణ్ణించి వ్యాన్‌లో టక్లోబన్ చేరడం ఇంకో దారి. డబ్బు కలిసొస్తుంది గానీ సామానుతో ఎక్కి దిగడం ఎక్కువ. పెద్దవాళ్ళు వెంట ఉంటే విమానమే మేలు.

టక్లోబన్ నుంచి గీవాన్‌కి వ్యాన్‌లో మూడు నాలుగు గంటలు. వ్యాన్ నిండితే గానీ కదలదు. మోకాళ్ళు ముందు సీటుకి ఆనుతాయి. పెద్ద సూట్‌కేసుకి విడిగా సీటు డబ్బులు అడుగుతారు. అడిగితే ఇచ్చేయడమే మంచిది, లేకపోతే ఆ పెట్టె మన ఒళ్ళోకే వస్తుంది. దారి మాత్రం ఎంత చూసినా తనివి తీరదు. 1973లో తెరిచిన సాన్ హువానికో వంతెన రెండు కిలోమీటర్లకి పైనే పొడవుంటుంది. దాని మీదుగా లేతే దీవి నుంచి సమార్‌లోకి అడుగుపెడతాం. తుంగతో చాపలు అల్లే బసెయ్ ఊరు, నీళ్ళలోంచి నిటారుగా లేచిన మరబుత్ కొండరాళ్ళు, ఆ తర్వాత దారి పొడుగునా కొబ్బరి తోటలు. ఇళ్ళ ముందు ఎండుకొబ్బరి చిప్పలు ఆరబోసి ఉంటాయి. కిటికీ తెరిస్తే అదే వాసన, మన అంబాజీపేట వాసన.

ఇక దిగడం ఎక్కడన్నది. గీవాన్ వెళ్ళేవాళ్ళలో చాలామంది నేరుగా కాలికోవాన్ దీవిలోని రిసార్టులకి పోతారు. పసిఫిక్ ఎదురుగా గది, తలుపు తీస్తే సముద్రం. ఆశ పడటం సహజమే, మేమూ అక్కడ ఉండి చూశాం. గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదగా ఉన్నారు. కానీ కరెంటు పోయినప్పుడు జనరేటర్ రాత్రంతా వేయరని దిగిన తర్వాత గానీ చెప్పలేదు. తిండికి ఆ రిసార్టు తప్ప ఇంకో దిక్కు లేదు. ఊళ్ళోకి రావాలంటే ట్రైసికిల్‌ని (బైకుకి పక్కన సీటు తగిలించిన బండి) పిలిపించుకోవాలి, అడిగినంత ఇవ్వాలి. కెరటాల మీద పలక వేసుకుని ఆడేవాళ్ళకి అది స్వర్గం. ఊరు చూద్దామని వెళ్ళేవాళ్ళు మాత్రం గీవాన్ ఊళ్ళోనే దిగాలని నా గట్టి అభిప్రాయం. రేవుకీ చర్చికీ నడిచి వెళ్ళేంత దూరంలో పెన్షన్ హౌస్‌లనే చిన్న చిన్న లాడ్జీలు ఉన్నాయి. ఏసీ గది, బాత్రూమ్‌లో బకెట్టు, చెంబు, కింద యజమాని ఇల్లు. మేం దిగిన చోట ఇంటావిడ పొద్దున్నే వేడినీళ్ళ ఫ్లాస్క్ తలుపు దగ్గర పెట్టేది, ఆ రోజు పడవలు వెళ్తాయో లేదో కనుక్కుని చెప్పేది. ఆ రెండో సాయం ఏ రిసార్టులోనూ దొరకదు.

ఊళ్ళో మొదట చూడాల్సింది చర్చి. జెసూట్ మతగురువులు 16వ శతాబ్దం చివర్లోనే ఇక్కడికి వచ్చారు. 1768లో వాళ్ళని అప్పటి పాలకులైన స్పెయిన్ వెళ్ళగొట్టాక అగస్టీనియన్లు, 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్కన్లు అనే వేరే క్రైస్తవ సన్యాసి సంఘాలవాళ్ళు ఈ చర్చిని చూసుకున్నారు. దాన్ని కట్టిన తీరు చూడగానే తెలుస్తుంది, ఇది దేవుడి కోసమే కట్టింది కాదని. చుట్టూ కోట గోడ, మూలల్లో బురుజులు. ఫిలిప్పీన్స్ దక్షిణాది దీవుల నుంచి పడవల మీద వచ్చి మనుషుల్ని పట్టుకుపోయే దాడులు ఆ రోజుల్లో విసయాస్ అనే ఈ మధ్య దీవుల తీరమంతటా ఉండేవి. గంట మోగితే ఊరంతా ఈ గోడల లోపలికి పరుగెత్తేది. గంటల బురుజు ఇప్పటికీ ఒక కోట బురుజు మీదే నిలబడి ఉంది.

లోపలి సంగతి వేరు. గోడల మీద సముద్రపు గవ్వలు, చిప్పలు పేర్చి పూలూ తీగలూ చేశారు. దగ్గరికి వెళ్ళి చూశాం. ఒక్కో పువ్వుకి ఒకే సైజు గవ్వలు ఏరారు. రేకులకి తెల్లవి, మధ్యలో బొడ్డుకి వేరే రంగువి. సున్నంలో ఒత్తిన గవ్వ అంచు వేలికి ఇంకా గరుగ్గా తగులుతుంది. రంగు వేసి ఉంటే ఎప్పుడో వెలిసిపోయేది, గవ్వ కాబట్టి నిలిచింది. 2001లో ఈ చర్చిని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. పన్నెండేళ్ళకే కప్పు మొత్తం ఎగిరిపోయి మొండి గోడలు మిగిలాయి. ఇప్పుడు మనం చూసేది శిథిలాల్లోంచి ఏరి దాచినవాటిని, కొత్త పనిని కలిపి మళ్ళీ నిలబెట్టిన చర్చి. ప్రార్థన జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చోండి, ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు. మధ్యాహ్నం పూట లోపల ఎవరూ ఉండరు, గవ్వల పని తీరిగ్గా చూసుకోవడానికి అదే మంచి సమయం.

ఆ కప్పు ఎగరగొట్టిన తుపాను గురించి చెప్పాలి. 2013 నవంబర్ 8, తెల్లవారుజామున 4:40. ప్రపంచం హైయాన్ అనీ, ఫిలిప్పీన్స్ యోలాండా అనీ పిలిచిన తుపాను మొదట తీరం దాటింది ఇక్కడే, గీవాన్‌లో. నిమిషం సగటున చూస్తే గాలి వేగం గంటకి 315 కిలోమీటర్లని అమెరికా తుపాను కేంద్రం అంచనా కట్టింది. దేశం మొత్తం మీద 6,300 మందికి పైగా చనిపోయారు. టక్లోబన్‌ని ఉప్పెన ముంచింది, గీవాన్‌ని గాలి కొట్టింది. ఊళ్ళో చెక్కుచెదరని కప్పు దాదాపు లేదు. తుపానుల్ని కనిపెట్టడానికి జపాన్ సాయంతో కొండ మీద కట్టిన డాప్లర్ రాడార్ గుమ్మటాన్ని కూడా ఆ గాలి ఊడబెరికింది. అయినా చనిపోయినవాళ్ళ సంఖ్య టక్లోబన్‌తో పోలిస్తే చాలా తక్కువ. ముందు రోజే గట్టిగా హెచ్చరించి, జనాన్ని గట్టి భవనాల్లోకి తరలించడం వల్లే చాలామంది బతికారు. రాడార్‌ని మళ్ళీ జపాన్ సాయంతోనే నిలబెట్టారు.

కొబ్బరి రైతులకి మాత్రం ఆ రోజు అసలు కష్టానికి మొదలు. యోలాండా దెబ్బకి దేశంలో మూడు కోట్ల పైచిలుకు కొబ్బరి చెట్లు పోయాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క కట్టింది. 1996 నవంబర్ 6 తుపాను రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి ఆ అంకె ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. వరి పోతే మళ్ళీ పంటకి తేరుకుంటాం. కొబ్బరి చెట్టు పడితే పిల్లల చదువుల కాలమంతా పోతుంది. మొక్క పెట్టి గెల కోయాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. ఈలోపు అప్పు ఆగదు. గీవాన్ దగ్గర ఒక తోటలో ఆగి పెద్దాయనతో మాట్లాడాం. చెట్ల ఎత్తు చూస్తే చాలు, ఏది తుపానుకి నిలిచిందో, ఏది తర్వాత పెట్టిందో తెలిసిపోతుంది. ఆయన తన చేత్తో ఒక మొదలు చూపించాడు: గాలికి పడబోయి, వంగి, మళ్ళీ నిటారుగా పెరిగిన చెట్టు. ఇలాంటివి మా తోటలో ఇప్పటికీ ఉన్నాయని నేను చెప్తే, మాతో వచ్చిన అన్నయ్య కూతురు ఇంగ్లీషులో చెప్పింది, ఆయన కొడుకు వరాయ్‌లో చెప్పాడు. పెద్దాయన లేచి వెళ్ళి మాకు బోండాలు కొట్టించాడు. డబ్బు తీసుకోలేదు.

"బాబాయ్, ఈయన అచ్చం మా తాతయ్యలాగే చెట్టుని తట్టి మాట్లాడుతున్నాడు," అంది అమ్మాయి. నిజమే.

ఇక్కడ చెట్టెక్కేవాళ్ళలో చాలామంది కాయ కోసమే కాదు, కల్లు కోసం కూడా ఎక్కుతారు. కొబ్బరి గెల గీసి తీసే కల్లులో మడచెట్టు బెరడు పొడి కలుపుతారు, అందుకే ఎర్రగా ఉంటుంది. పేరు టుబా. సాయంత్రం పూట ఇంటి ముందు బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళు దారిన పోయేవాళ్ళకి కూడా గ్లాసు అందిస్తారు. తాగకపోతే నవ్వి ఊరుకుంటారు, తప్పు పట్టరు.

ఆ కల్లుకి చరిత్రలో కూడా చోటుంది. 1521 మార్చి 16న స్పెయిన్ తరఫున బయలుదేరిన నావికుడు మాగెల్లాన్ ఓడలు పసిఫిక్ దాటి ఈ తీరాన్ని చూశాయి. మర్నాడు మనుషుల్లేని హోమోన్‌హోన్ దీవిలో దిగారు. నెలల తరబడి సరైన తిండి లేక నావికులు రోగాలతో ఉన్నారు. మార్చి 18న సులువాన్ దీవి మనుషులు పడవలో వచ్చి చేపలు, అరటిపళ్ళు, కొబ్బరికాయలు, కల్లు ఇచ్చారు. ఇంకా తెస్తామని చెప్పి వెళ్ళి, అన్నట్టే తెచ్చారు. ఓడలో ఉండి ఆ ప్రయాణం గురించి రాసిన పిగాఫెట్టా, కొబ్బరి నుంచి నూనె, పాలు, కల్లు, వెనిగర్ ఎలా వస్తాయో ఆశ్చర్యపోతూ రాసుకున్నాడు. రెండు చెట్లుంటే పదిమంది ఇల్లు గడుస్తుందన్నాడు. ఈ ఘట్టానికి 500 ఏళ్ళు నిండిన 2021లో ఫిలిప్పీన్స్ చరిత్ర సంఘం ఈ దీవుల్లో శిలాఫలకాలు పెట్టింది. వాటిలో నాకు నచ్చింది, గౌరవం మాగెల్లాన్‌కి కాక అన్నం పెట్టిన సులువాన్ మనుషులకి దక్కడం.

హోమోన్‌హోన్ వెళ్ళడం అంత తేలిక కాదు. గీవాన్ రేవు నుంచి వెళ్ళే సర్వీసు పడవ ఎక్కితే ఆ రాత్రి దీవిలోనే ఉండాలి. అక్కడ హోటళ్ళు లేవు, ఊరి పెద్దకి చెప్పుకుని ఎవరింట్లోనో ఉండాలి. మేం పడవ మాట్లాడుకున్నాం. రేవులో మొదట చెప్పిన ధర వేరు, తిరిగొచ్చాక అడిగిన ధర వేరు. ఇంధనం ఎక్కువ తాగిందన్నారు. కాబట్టి ఎక్కే ముందే పడవ, ఇంధనం, తిరుగు ప్రయాణం అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి. కోస్ట్ గార్డ్ గాలి హెచ్చరిక పెట్టిన రోజు ఎవరు రమ్మన్నా వెళ్ళకండి. దీవికి ఒక పక్క అడవి, మాగెల్లాన్ మనుషులు నీళ్ళు నింపుకున్నారని చూపించే ఊట, తెల్లటి ఒడ్డు. ఇంకో పక్క ఎర్రగా తవ్విన నేల. క్రోమైట్, నికెల్ గనులు అక్కడ నడుస్తున్నాయి. పడవలోంచి చూసినప్పుడు ఆ ఎరుపు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ సముద్రంలో 60 వేల హెక్టార్లకి పైగా 1994లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించిన దేశం, పక్కనే ఈ తవ్వకాన్ని ఎలా ఒప్పుకుందో నాకు బాధగానే ఉంది. వానొస్తే ఆ మట్టి వెళ్ళేది సముద్రంలోకే కదా.

ఊరికి ఆనుకున్నట్టే ఉన్న తుబబావ్ దీవిలో చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒక స్మారకం, కొన్ని సిమెంటు దిమ్మలు. కానీ కథ తెలిసి వెళ్తే ఆ దిమ్మల దగ్గర కూర్చోబుద్ధవుతుంది. 1949లో షాంఘై కమ్యూనిస్టుల చేతికి పోబోతుంటే, రష్యాలో కమ్యూనిస్టు విప్లవం వచ్చాక పారిపోయి అక్కడ తలదాచుకున్న రష్యన్లకి వెళ్ళే చోటు లేకపోయింది. అడిగిన దేశాల్లో తలుపు తీసింది యుద్ధంతో చితికిపోయి అప్పుడే స్వతంత్రం వచ్చిన ఫిలిప్పీన్స్. అయిదారు వేల మంది ఇక్కడ గుడారాల్లో రెండేళ్ళ దాకా ఉన్నారు. అధ్యక్షుడు ఎల్పిడియో కిరినో స్వయంగా వచ్చి, శిబిరం చుట్టూ ఉన్న ముళ్ళకంచె తీయించాడు. వాళ్ళ బిషప్ జాన్ రాత్రిళ్ళు శిబిరం చుట్టూ ప్రార్థన చేస్తూ తిరిగేవాడని, అందుకే తుపానులు పక్కకి పోయాయని ఊళ్ళో ఇప్పటికీ చెప్తారు. చాలామంది ఖాళీ చేసి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళాక, 1951 డిసెంబర్‌లో తుపాను వచ్చి శిబిరాన్ని ఊడ్చేసింది.

కాలికోవాన్‌లో ఏబీసీడీ బీచ్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ నేవీ నిర్మాణ డిపో పేరులోని పొడి అక్షరాలే ఆ పేరు. 1944 అక్టోబర్ 17న అమెరికన్ సైన్యం ఫిలిప్పీన్స్‌కి తిరిగొచ్చినప్పుడు మొదట కాలు పెట్టిన చోట్లలో సులువాన్ ఒకటి. ఆ తర్వాత గీవాన్ చుట్టూ పెద్ద స్థావరం వెలిసింది. వాళ్ళు వేసిన రన్‌వే ఊరి పక్కన ఇంకా ఉంది. 2013లో సాయం మోసుకొచ్చిన విమానాలు దిగింది దాని మీదే. బీచ్‌లో ఈత మాత్రం వద్దు. అడుగున పదునైన పగడపు రాయి, పైన పసిఫిక్ కెరటం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అఖాతం వైపు ఒడ్డు చూసుకోవడం మంచిది.

కాలికోవాన్ దాటి చివర సులంగన్‌లో సెయింట్ ఆంథొనీ క్షేత్రం. లేతే, సమార్ దీవుల నుంచి మొక్కులు తీర్చుకోవడానికి జనం వస్తూనే ఉంటారు, జూన్ 13న పండగకి ఊరు పట్టదు. గుడి బయట గవ్వల దుకాణాలు. ఈ సముద్రంలో దొరికే బంగారు గవ్వ గురించి సేకరించేవాళ్ళకి బాగా తెలుసు. గవ్వలతో చేసిన దండలు, గంటలు ముచ్చటగా ఉంటాయి. పెద్ద శంఖాలు, రాక్షస ఆల్చిప్పలు మాత్రం కొనకండి. చట్టం ఒప్పుకోదు, కస్టమ్స్‌లో పట్టుకుంటారు, అన్నిటికీ మించి అవి సముద్రంలోనే ఉండాలి.

తిండి దగ్గర చేపలు తినేవాళ్ళకి పండగే. పొద్దున్నే రేవు పక్క మార్కెట్‌కి వెళ్తే చేపలు, నత్తలు, సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్‌లనే జీవులు) రాశులుగా ఉంటాయి. కినిలావ్ తప్పకుండా తినండి: తాజా చేపముక్కల్ని వెనిగర్లో నానబెట్టి అల్లం, ఉల్లి, మిరపకాయ వేస్తారు. ఇక్కడ చివర్లో కొబ్బరిపాలు కూడా పోస్తారు. ఆ కొబ్బరిపాలతోనే రుచి. శాకాహారులకి కష్టం. పెసల కూరలో ఎండుచేప ఉంటుంది, కలగూరలో రొయ్యల ముద్ద ఉంటుంది. కాంగ్‌కాంగ్ అంటే మన తూటికూర. వెల్లుల్లితో వేయించి, చేప సాసు వేయకుండా ఇమ్మని వండక ముందే చెప్పాలి. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి కందిపొడి, ఆవకాయ సీసా వెంట ఉంటే గడిచిపోతుంది. చిన్న హోటళ్ళు రాత్రి త్వరగా మూసేస్తారు. డబ్బు టక్లోబన్‌లోనే తీసి పెట్టుకోండి.

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా వెళ్ళడం మంచిది. నవంబర్ నుంచి జనవరి వరకు వానలు ఎక్కువ, ఈశాన్య గాలికి సముద్రం లేస్తుంది, దీవుల ప్రయాణం గాల్లో దీపమే. మూడు రాత్రులైనా ఊళ్ళో పెట్టుకుంటే, అందులో ఒక రోజు వాతావరణం బాగోకపోయినా హోమోన్‌హోన్ దక్కుతుంది.

తిరుగు దారిలో బలంగిగాలో దిగండి. ఫిలిప్పీన్స్‌ని అమెరికా ఆక్రమించుకుంటున్న రోజుల్లో, 1901 సెప్టెంబర్ 28న ఇక్కడి ఊరివాళ్ళు తిరగబడి 48 మంది అమెరికన్ సైనికుల్ని చంపారు. ప్రతీకారంగా అమెరికన్లు సమార్‌ని తగలబెట్టి, చర్చి గంటలు మూడింటినీ పట్టుకుపోయారు. 117 ఏళ్ళ తర్వాత, 2018 డిసెంబర్‌లో అవి తిరిగొచ్చాయి. ఇప్పుడు చర్చిలో చూడొచ్చు. అక్కడ దిగితే మళ్ళీ ఎక్కే వ్యాన్‌లో సీటు దొరకడం కష్టం, గీవాన్ నుంచి వచ్చేవన్నీ నిండే వస్తాయి. పొద్దున్నే మొదటి వ్యాన్‌కి బయలుదేరి, మధ్యాహ్నం లోపు టక్లోబన్ వెళ్ళే జీప్నీ (మన షేర్ జీపులాంటి బండి) పట్టుకోండి.